విధి, అభావం, అధికారం: సర్వరు అమరికలను మార్చే కృత్రిమ మేధ ఉపకరణాల వివరణలు – వాక్యశాస్త్ర విమర్శ

వ్యాస సంగ్రహం

సర్వరు అమరికలను మార్చే పనిని కృత్రిమ మేధ ఏజెంట్లకు అప్పగించే ఉపకరణాలు ఇటీవలి కాలంలో వాడుకలోకి వచ్చాయి. ఉపకరణాన్ని ఎప్పుడు, ఏ విధంగా ప్రయోగించాలో ఏజెంటు నిర్ణయించుకోవడానికి ప్రధానాధారం దానికి జతచేసిన సహజభాషా వివరణ. ఆ వివరణను కేవల సాంకేతిక పత్రంగా కాక ఒక విధివాక్యంగా గ్రహించి, మీమాంసకుల విధివిభాగాన్నీ తార్కికుల అభావవిభాగాన్నీ ఆధారంగా చేసుకొని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. ఇటువంటి వివరణల్లోని ప్రధాన లోపం సమాచారం కొరవడడం కాదనీ, చేసేవాడికీ ఫలితం అనుభవించేవాడికీ మధ్య ఉన్న భేదాన్ని వాక్యం దాచివేయడమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: విధివాక్యం, అభావం, అధికారం, అర్థవాదం, సర్వరు అమరికలు, కృత్రిమ మేధ, ఏజెంటు.

1. ఉపోద్ఘాతం

వాక్యం అర్థాన్ని తెలపడమే కాక పనిని కూడా చేయిస్తుందన్న విషయాన్ని భారతీయ శాస్త్రాల్లో అత్యంత నిశితంగా చర్చించినవారు మీమాంసకులు. ఒక ఆదేశవాక్యం విన్నవాడు దేనిని చేయాలి, దేనితో చేయాలి, ఏ క్రమంలో చేయాలి, ఎవరికోసం చేయాలి అనే ప్రశ్నలకు ఆ వాక్యం నుంచే సమాధానాలు రాబట్టే పద్ధతిని వారు శతాబ్దాల పాటు అభివృద్ధి చేశారు. ఆధునిక కాలంలో ఆ ప్రశ్నలు సాహిత్య విద్యార్థులకు పాఠ్యాంశాలుగా మిగిలాయే గాని, నిత్య వ్యవహారంలో వాటి అవసరం కనబడదన్న అభిప్రాయం స్థిరపడింది. కృత్రిమ మేధ ఏజెంట్ల రాకతో ఆ అభిప్రాయాన్ని పునఃపరిశీలించవలసిన పరిస్థితి ఏర్పడింది.

సర్వరు అంటే ఇతర కంప్యూటర్లకు సేవలందించే యంత్రం లేదా ప్రోగ్రాం. అది ఒకేసారి ఎన్ని అనుసంధానాలను అంగీకరించాలి, ఒక ప్రశ్నకు ఎంతసేపు సమయమివ్వాలి, ఎవరిని లోపలికి రానివ్వాలి వంటి నిర్ణయాలు అమరికల్లో ఉంటాయి. ప్రోగ్రాం ఏమాత్రం మారకపోయినా ఒక్క అమరిక మారితే సేవ మొత్తం నిలిచిపోవచ్చు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ సంస్థ ఎస్3 నిల్వ సేవకు అంతరాయం కలగడానికి కారణం, కొద్ది సర్వర్లను తొలగించడానికి ఉద్దేశించిన ఆదేశంలో ఒక విలువ తప్పుగా పడి, అనుకున్నదానికంటే ఎక్కువ సర్వర్లు తొలగిపోవడం. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సేవలు సుమారు 6 గంటల పాటు ప్రపంచమంతటా స్తంభించాయి. నిర్వహణ పనుల్లో భాగంగా జారీచేసిన ఒక ఆదేశం ఆ సంస్థ అంతర్గత ప్రధాన జాలాన్నే తెంచివేసింది. అటువంటి ఆదేశాలను అడ్డుకోవలసిన తనిఖీ ఉపకరణం తనలోని లోపం వల్ల ఆ పని చేయలేకపోయింది. ఈ రెండు సందర్భాల్లోనూ ఆదేశమిచ్చినవారు మనుషులే. అదే ఆదేశాధికారం ఇప్పుడు భాషానమూనాల చేతికి వస్తోంది. అందువల్ల ఆదేశాన్ని నడిపించే వాక్యాన్ని విమర్శించడం అవసరమవుతుంది.

2. విమర్శకు గ్రహించిన పాఠం

భాషానమూనా తనంతట తానుగా సర్వరును తాకలేదు. దానికి కొన్ని ఉపకరణాలను అందిస్తారు. ప్రతి ఉపకరణానికీ ఒక పేరు, ఒక వివరణ, ఇవ్వవలసిన విలువల నమూనా ఉంటాయి. వాడుకరి కోరికను బట్టి నమూనా తగిన ఉపకరణాన్ని ఎంచుకొని విలువలను కూర్చి పిలుపు పంపుతుంది. ఆ పిలుపును మరో ప్రోగ్రాం అమలు చేసి ఫలితాన్ని తిరిగి పాఠరూపంలో అందిస్తుంది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ఈ ఏర్పాటుకు ఒక ఉమ్మడి రూపాన్నిచ్చింది.

ఇటువంటి ఉపకరణ వివరణల సామాన్య స్వరూపాన్ని చూపడానికి కూర్చిన నమూనా వాక్యం ఇది: “సర్వరు అమరికలను నవీకరిస్తుంది.” దీనికి ఇవ్వవలసినవి రెండు: అమరిక పేరు, దాని కొత్త విలువ. మానవ నిర్వాహకుడికి ఈ వాక్యం చాలవచ్చు. అతనికి ఆ సర్వరు చరిత్ర తెలుసు, సందేహం వస్తే పక్కవారిని అడుగుతాడు, పొరపాటు జరిగితే తెల్లవారుజామున నిద్రలేవవలసినవాడు తానేనన్న ఎరుక అతనికి ఉంటుంది. ఏజెంటుకు వీటిలో ఏదీ లేదు. దాని ముందున్నది పాఠం మాత్రమే. అందుకే దాని విషయంలో పాఠవిమర్శకు ఉన్న ప్రాధాన్యం మానవ పాఠకుడి విషయంలో కంటే ఎక్కువ.

లౌగాక్షి భాస్కరుని అర్థసంగ్రహం వంటి మీమాంసా గ్రంథాలు విధిని నాలుగు రకాలుగా విభజించాయి. కర్మస్వరూపాన్ని తెలిపేది ఉత్పత్తి విధి. ప్రధానకర్మతో అంగాల సంబంధాన్ని తెలిపేది వినియోగ విధి. అనుష్ఠాన క్రమాన్ని బోధించేది ప్రయోగ విధి. ఫలస్వామ్యం ఎవరిదో తెలిపేది అధికార విధి. పై నమూనా వాక్యాన్ని ఈ నాలుగింటి వెలుగులో పరిశీలిస్తే అది మొదటిదానిని అస్పష్టంగా, రెండోదానిని అసంపూర్ణంగా చెప్పి, మిగిలిన రెండింటి విషయంలో మౌనం వహించిందని తేలుతుంది.

3. ఉత్పత్తి విధి: క్రియాస్వరూపం

‘నవీకరించు’ అన్న క్రియాపదం చెప్పే పని ఏది? ఉన్నదానిలో కొంత సవరించడమా, ఉన్నదంతా తొలగించి కొత్తదాన్ని నిలపడమా? వెబ్ వ్యవహారంలో ఈ రెండింటికీ వేర్వేరు క్రియలున్నాయి. ‘పుట్’ అనేది సమగ్ర ప్రతిక్షేపం. ‘ప్యాచ్’ అనేది పాక్షిక సవరణ. ఈ రెండో క్రియను 2010లో ఆర్.ఎఫ్.సి. 5789 ప్రత్యేకంగా నిర్వచించవలసి వచ్చిందంటే, ఈ భేదం ఎంత ముఖ్యమైనదో గ్రహించవచ్చు. నమూనా వాక్యం ఈ భేదాన్ని ఒక్క పదంలో కలిపివేసింది.

తెలుగులో ఆదేశమిచ్చే నిర్వాహకుల విషయంలో ఈ సమస్య మరింత ఆసక్తికరమైనది. ‘మార్చు’ అన్న క్రియకు తెలుగులో రెండు భిన్నార్థాలు సమానంగా ప్రచారంలో ఉన్నాయి. గోడ రంగు మార్చినప్పుడు గోడ అదే. బల్బు మార్చినప్పుడు పాత బల్బు ఇక లేదు. ‘పెట్టు’ అన్న క్రియ కూడా ఇటువంటిదే. ‘గడువు 30 పెట్టు’ అన్నప్పుడు అది స్థాపన. ‘ఈ చిరునామాను జాబితాలో పెట్టు’ అన్నప్పుడు అది చేర్పు. తెలుగువారు సందర్భాన్ని బట్టి ఈ భేదాన్ని అప్రయత్నంగా గ్రహిస్తారు. భోజనవేళ సైంధవం తెమ్మంటే గుర్రాన్ని తీసుకురాకూడదన్న శాస్త్రప్రసిద్ధమైన ఉదాహరణ చెప్పేది ఇదే. ఏజెంటు కూడా చాలాసార్లు సందర్భాన్ని గ్రహించగలదు. అయితే అది గ్రహించిన అర్థం ఉపకరణం చేసే పనితో సరిపోతుందా అన్నది ఉపకరణ వివరణ మీదనే ఆధారపడుతుంది. చేర్పు కోరిన వాడుకరికీ ప్రతిక్షేపం చేసే ఉపకరణానికీ మధ్య ‘నవీకరించు’ అన్న పదం నిలిచినప్పుడు, ఇరువైపులా తాత్పర్యం సరిగానే ఉండి ఫలితం తప్పవుతుంది.

4. వినియోగ విధి: యోగ్యతా విచారం

వాక్యార్థజ్ఞానానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనేవి హేతువులని అన్నంభట్టు తర్కసంగ్రహంలో పేర్కొన్నాడు. నిప్పుతో తడపమన్న వాక్యంలో పదాలన్నీ సక్రమంగా ఉన్నా తడపడానికి నిప్పు తగదు కాబట్టి అర్థం పొసగదు. ఇది యోగ్యతాలోపం.

ఉపకరణాల్లో విలువల రకాన్ని తనిఖీ చేసే ఏర్పాటు సాధారణంగా ఉంటుంది. అంకె ఉండవలసిన చోట అక్షరాలుంటే పిలుపు తిరస్కారానికి గురవుతుంది. ఇది వ్యాకరణశుద్ధికి సమానం. యోగ్యతకు ఇది చాలదు. పోస్ట్‌గ్రెస్ అనే ప్రసిద్ధ డేటాబేస్ సర్వరులో ఒక ప్రశ్న నడవడానికి గరిష్ఠ గడువును నిర్దేశించే ‘స్టేట్‌మెంట్ టైమవుట్’ అనే అమరిక ఉంది. ప్రమాణాన్ని పేర్కొనకుండా కేవలం 30 అని ఇస్తే దాన్ని 30 మిల్లీసెకండ్లుగా ఆ సర్వరు గ్రహిస్తుంది. 30 సెకండ్లు ఉద్దేశించిన ఏజెంటు పిలుపు అన్ని తనిఖీలనూ దాటిపోతుంది. ఆపై ఆ గడువు దాటిన ప్రతి ప్రశ్నా మధ్యలోనే రద్దవుతుంది. అదే సర్వరులో ‘వర్క్ మెమ్’ అనే జ్ఞాపకశక్తి పరిమితికి ప్రమాణం చెప్పకపోతే కిలోబైట్లు, ‘షేర్డ్ బఫర్స్’ అనేదానికి చెప్పకపోతే సాధారణంగా 8 కిలోబైట్ల పరిమాణం గల ఖండాలు ప్రమాణాలవుతాయి. అంటే ఒకే ఇంటిలో మూడు కొలమానాలు అమలులో ఉన్నాయన్నమాట.

అంకె ఒక్కటే అర్థం కాదు. ప్రమాణంతో అన్వయించినప్పుడే అది అర్థమవుతుంది. ‘విలువ’ అని మాత్రమే చెప్పి ప్రమాణాన్ని చెప్పని వివరణ ఆకాంక్షను పూరించని వాక్యం. ఏజెంటు ఆ ఖాళీని తన ఊహతో పూరిస్తుంది. అడగకుండా పూరించడమే ఇక్కడ ప్రమాదం.

5. అభావ విచారం

అమరికల విషయంలో చెప్పినదానికంటే చెప్పనిదాని అర్థాన్ని నిర్ణయించడం కష్టం. ఈ సందర్భంలో తార్కికుల అభావచతుష్టయం ఎంతో ఉపయోగపడుతుంది. ఇంకా పుట్టని వస్తువు లేకపోవడం ప్రాగభావం. ఉండి నశించినది లేకపోవడం ప్రధ్వంసాభావం. మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావం. ఒకటి మరొకటి కాకపోవడం అన్యోన్యాభావం.

ఒక అమరికను ఎవరూ ఎన్నడూ వ్రాయకపోతే సర్వరు తన సహజ విలువతో నడుస్తుంది. ఇది ప్రాగభావం వంటిది. ఎవరో ఒక కారణంతో వ్రాసి తరువాత తొలగిస్తే అది ప్రధ్వంసాభావం. పైకి రెండూ ఒకటిగానే కనబడతాయి, ఫలితం కూడా తరచుగా ఒకటే. అయినా నిర్వాహకుడికి ఈ భేదం అత్యంత ముఖ్యం. మొదటిదాని వెనుక నిర్ణయమేదీ లేదు. రెండోదాని వెనుక ఒక నిర్ణయం, బహుశా ఒక అనుభవం ఉన్నాయి. ప్రస్తుత స్థితిని మాత్రమే చదివే ఏజెంటుకు ఈ తేడా కనబడదు. గతంలో విఫలమై తొలగించిన విలువనే మళ్ళీ ఉత్సాహంగా ప్రతిపాదించే అవకాశం ఇక్కడి నుంచే పుడుతుంది.

ఉపకరణం గుర్తించలేని అమరిక పేరు అత్యంతాభావానికి ఉదాహరణ. ఒక అక్షరం తప్పిన పేరును సర్వరు తిరస్కరిస్తే నష్టం లేదు. ఆ పేరును మౌనంగా దస్త్రంలో చేర్చుకొని ‘విజయవంతం’ అని సమాధానమిచ్చే ఉపకరణాలతోనే చిక్కు వస్తుంది. పరీక్షా సర్వరు వాస్తవ సేవాసర్వరు కాదన్నది అన్యోన్యాభావం. నమూనా వాక్యంలోని ‘సర్వరు’ అన్న ఏకవచన రూపం ఈ భేదాన్ని చెరిపివేసింది.

అభావాన్ని వాక్యంలో ఎలా వ్యక్తం చేయాలన్న ప్రశ్నకు సాంకేతిక ప్రపంచం ఇచ్చిన సమాధానాల్లో ఒకటి 2014లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 7396. జేసన్ మెర్జ్ ప్యాచ్ అని పిలిచే ఈ పద్ధతిలో ప్రస్తావించని అంశం యథాతథంగా నిలుస్తుంది. ‘నల్’ అనే శూన్యచిహ్నం ఇచ్చిన అంశం తొలగిపోతుంది. ఈ నియమం స్పష్టమైనదే. అయితే జాబితాల విషయంలో ఇది పాక్షిక సవరణను అనుమతించదు. పాత జాబితా స్థానంలో కొత్త జాబితా మొత్తంగా వచ్చి కూర్చుంటుంది. సర్వరులోకి అనుమతించిన చిరునామాలు 12 ఉన్నాయనుకుంటే, 13వ దాన్ని చేర్చదలచి దాన్నొక్కదాన్నే పంపిన ఏజెంటు మిగిలిన 12 మందినీ ఒక్క పిలుపుతో వెలివేస్తుంది.

‘పరిమితి తీసెయ్యి’ అన్న తెలుగు ఆదేశం కూడా ఇక్కడ పరిశీలించదగినది. వాడుకరి ఉద్దేశం పరిమితి లేకుండా చేయడం. అమరికను తొలగిస్తే మాత్రం అంతకుముందున్న లేదా సహజమైన పరిమితి తిరిగి వస్తుంది. పైన పేర్కొన్న ‘స్టేట్‌మెంట్ టైమవుట్’లో పరిమితి లేదని చెప్పడానికి 0 అని వ్రాయాలి. అంటే లేకపోవడాన్ని సాధించడానికి ఒక భావరూపమైన విలువ కావాలి. లేమిని వ్రాయడమూ, వ్రాయకపోవడమూ ఒకటి కావని ఈ ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

6. ప్రయోగ విధి: క్రమం

వ్రాయడం వేరు, అమలు కావడం వేరు. పోస్ట్‌గ్రెస్ 2014లో 9.4 సంచికతో ‘ఆల్టర్ సిస్టం’ అనే ఆదేశాన్ని ప్రవేశపెట్టింది. ఈ ఆదేశంతో ఇచ్చిన విలువ ఒక ప్రత్యేక దస్త్రంలో చేరుతుంది. కొన్ని అమరికలు దస్త్రాన్ని మళ్ళీ చదివించినప్పుడు అమలులోకి వస్తాయి. గరిష్ఠ అనుసంధానాల సంఖ్య వంటివి సర్వరును పూర్తిగా ఆపి తిరిగి ప్రారంభిస్తే గాని అమలు కావు. పైగా ఈ ప్రత్యేక దస్త్రంలోని విలువ మనుషులు చేతితో సవరించే ప్రధాన దస్త్రంలోని విలువను అధిగమిస్తుంది.

దీని ఫలితాలు రెండు. ఏజెంటు ఈ రోజు ఇచ్చిన విలువ యంత్ర సామర్థ్యానికి మించినదైనా ఈ రోజు ఏమీ జరగదు, సమాధానం విజయసూచకంగానే వస్తుంది. ఎన్నో వారాల తరువాత వేరే కారణంతో సర్వరును తిరిగి ప్రారంభించినప్పుడు అది లేవదు. అప్పటికి కారణానికీ కార్యానికీ మధ్య సన్నిధి తెగిపోయి ఉంటుంది. రెండోది, ప్రధాన దస్త్రాన్ని సరిచేసిన నిర్వాహకుడు తాను వ్రాసినది ఎందుకు అమలు కావడం లేదో తెలియక గంటల తరబడి వెతకవలసి వస్తుంది.

కాబట్టి ప్రయోగ విధిలో క్రమం స్పష్టంగా ఉండాలి: చదవడం, పోల్చి చూపడం, పరీక్షించడం, వ్రాయడం, అమలుపరచడం, ధ్రువీకరించడం. ఇందుకు పూర్వాదర్శాలు లేకపోలేదు. ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వరులో అమరికల దస్త్రాన్ని అమలుపరచకముందే పరీక్షించే సదుపాయం ఉంది. జూనిపర్ నెట్‌వర్క్ పరికరాల్లో ‘కమిట్ కన్ఫర్మ్డ్’ అనే ఆదేశం ఉంది. దానితో చేసిన మార్పును ప్రత్యేకంగా వేరే గడువు చెప్పకపోతే 10 నిమిషాల్లోగా మళ్ళీ ధ్రువపరచాలి, లేకుంటే పాత స్థితి దానంతట అదే తిరిగి వస్తుంది. మార్పు వల్ల నిర్వాహకుడికే ద్వారం మూసుకుపోయినా పది నిమిషాల్లో అది తెరుచుకుంటుంది. ఏజెంటుకు ఇచ్చే ఉపకరణంలో ఈ నియమం వివేకవంతమైనది. మౌనాన్ని అంగీకారంగా కాక నిరాకరణగా గ్రహించడమే దీనిలోని విశేషం.

7. అధికార విధి: ఋత్విక్కు, యజమాని

మీమాంసలో అధికారమంటే ఫలస్వామ్యం. యాగక్రియలను నిర్వహించేవాడు ఋత్విక్కు. సంకల్పం చెప్పేవాడు, ఫలాన్ని పొందేవాడు యజమాని. కర్తృత్వంలో ఇద్దరికీ పాలున్నా ఫలస్వామ్యం ఒక్కరిదే. తెలుగు వాడుకలో ‘యజమాని’ పదం సొంతదారుడన్న అర్థంలో స్థిరపడడం వెనుక ఈ ఫలసంబంధమే ఉంది.

ఏజెంటు స్థానం ఋత్విక్కుది. అది చేస్తుంది, ఫలం దానిని అంటదు. సేవ ఆగితే నష్టపోయేవారు సంస్థ, దాని వాడుకరులు. జవాబు చెప్పవలసినవాడు నిర్వాహకుడు. నమూనా వాక్యంలో “నవీకరిస్తుంది” అన్న క్రియకు కర్తగా ఉపకరణం ఉంది, యజమాని జాడ లేదు. కర్తృత్వాన్ని ఫలస్వామ్యం నుంచి వేరుచేసి చూపని ఈ వాక్యనిర్మాణం నుంచే బాధ్యతారాహిత్యం మొదలవుతుంది.

దీనికి పరిహారంగా అనేక వ్యవస్థలు అమలుకు ముందు మనిషి అనుమతిని అడుగుతాయి. ఉపకరణ ప్రయోగాన్ని నిరాకరించగల మనిషి ఎల్లప్పుడూ ఉండడం మంచిదని మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ కూడా సూచిస్తుంది. అయితే ఆ అనుమతి ఏ రూపంలో ఉందన్నది అసలు ప్రశ్న. “ఈ ఉపకరణాన్ని అనుమతించాలా?” అన్న ప్రశ్నకు రోజుకు పదుల సార్లు అవునన్న వ్యక్తి చివరకు చదవడం మానివేస్తాడు. సంకల్పంలో దేశకాల సంకీర్తన తప్పనిసరి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరికోసం, ఏ ప్రయోజనానికి అన్నవి పలికిన తరువాతే కర్మ ఆరంభమవుతుంది. అనుమతి పత్రం కూడా ఏ సర్వరు, ఏ అమరిక, పాత విలువ ఏది, కొత్త విలువ ఏది, ఎప్పుడు అమలవుతుంది, తిరిగి తెచ్చుకోవడం సాధ్యమా అన్నవి చెప్పినప్పుడే అది సంకల్పమవుతుంది. లేకపోతే అది కేవలం తల ఊపడం.

8. అర్థవాదం, అనువాదం

వేదవాక్యాలన్నీ విధులు కావు. విధిని ప్రశంసించి ప్రోత్సహించేవి అర్థవాదాలు. అన్యత్ర తెలిసినదాన్ని మళ్ళీ చెప్పేవి అనువాదాలు. ఈ భేదాన్ని విస్మరిస్తే అనర్థం కలుగుతుందని మీమాంసకులు హెచ్చరించారు.

మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ 2025 మార్చి సంచికలో ఉపకరణానికి కొన్ని సూచనలను జతచేసే వీలు కల్పించింది. ఉపకరణం చదవడానికి మాత్రమే ఉద్దేశించినదా, విధ్వంసకరమైన మార్పు చేయగలదా, అదే పిలుపును మళ్ళీ పంపితే అదనపు ప్రభావం ఉంటుందా వంటివి ఆ సూచనలు. ఇవి సూచనలేననీ, నమ్మదగిన మూలం నుంచి వచ్చినవి కాకపోతే వీటిని విశ్వసించరాదనీ ఆ ప్రోటోకాలే స్పష్టం చేసింది. అంటే ఇవి అర్థవాదాలు. తనకు తాను నిరపాయకరమైనదానినని చెప్పుకునే ఉపకరణం మాటను ప్రమాణంగా తీసుకోరాదు. సూచన లేనప్పుడు ఆ ఉపకరణం విధ్వంసకరం కావచ్చుననే భావించాలన్న నియమం ఈ ప్రోటోకాల్‌లోని ప్రశంసనీయాంశం.

అనువాదాన్ని విధిగా పొరబడడం మరింత తీవ్రమైన దోషం. సర్వరు చిట్టాలో, అంటే సర్వరు తనకు జరిగినదంతా నమోదు చేసుకునే దస్త్రంలో, బయటివారు పంపిన పాఠం కూడా చేరుతుంది. ఆ పాఠంలో ఎవరైనా ఒక ఆదేశాన్ని పొందుపరిస్తే, చిట్టాను చదివిన ఏజెంటు దాన్ని తనకిచ్చిన విధిగా గ్రహించే ప్రమాదముంది. ఇది ఊహాజనితమైన భయం కాదు, భాషానమూనాల భద్రతా చర్చల్లో ప్రధానస్థానం పొందిన సమస్య. ఉల్లేఖించిన వాక్యానికి ఆజ్ఞాపించే శక్తి లేదన్న ప్రాథమిక సూత్రాన్ని యంత్రాలకు నేర్పడం ఇంకా పూర్తికాని పని.

9. సంస్కరించిన పాఠం, దాని పరిమితులు

పై పరిశీలన ఆధారంగా నమూనా వాక్యాన్ని ఈ విధంగా సంస్కరించవచ్చు: “పేర్కొన్న ఒక్క సర్వరులో, పేర్కొన్న ఒక్క అమరిక విలువను ప్రతిక్షేపిస్తుంది. విలువతో పాటు ప్రమాణం తప్పనిసరి. ప్రస్తావించని అమరికలు మారవు. జాబితాలు మొత్తంగా మారుతాయి. ఒక అంశాన్ని చేర్చడానికి వేరే ఉపకరణం ఉంది. చివరిసారి చదివిన పాత విలువను కూడా ఇవ్వాలి. అది ప్రస్తుత విలువతో సరిపోకపోతే మార్పు జరగదు. విలువ ఎప్పుడు అమలవుతుందో సమాధానంలో ఉంటుంది. యజమాని ధ్రువీకరణ 10 నిమిషాల్లో రాకపోతే పాత విలువ తిరిగి వస్తుంది.”

ఈ పాఠం దీర్ఘమైనదే. వివరణ ఎంత పెరిగితే ఏజెంటు చదవవలసిన భారం అంత పెరుగుతుందన్న ఆక్షేపణ సమంజసమే. అయితే ఒకే వాక్యంతో ఎన్నో పనులు చేసే ఉపకరణం కంటే, ఒక్కొక్క పని మాత్రమే చేసే చిన్న ఉపకరణాలుగా విభజిస్తే వివరణలు కూడా సంక్షిప్తమవుతాయి.

అంతకంటే గంభీరమైన ఆక్షేపణ మరొకటి ఉంది. మీమాంసకుల దృష్టిలో వేదం అపౌరుషేయం కనుక దోషరహితం. ఉపకరణ వివరణ పౌరుషేయం. దానికి భ్రమ, ప్రమాదం, విప్రలిప్స, కరణాపాటవం అనే నాలుగు పురుషదోషాలూ సంక్రమిస్తాయి. వ్రాసినవాడు పొరబడవచ్చు, అజాగ్రత్త పడవచ్చు, మోసగించదలచవచ్చు, చెప్పే సామర్థ్యం లేనివాడు కావచ్చు. వినే ఏజెంటు కూడా శ్రద్ధాళువైన శ్రోత కాదు. 2025 జులైలో రెప్లిట్ సంస్థ ఏజెంటు, మార్పులు చేయవద్దని ఆదేశించినప్పటికీ ఒక వాడుకరి వాస్తవ డేటాబేస్‌ను చెరిపివేసిన సంఘటన విస్తృతంగా చర్చకు వచ్చింది. నిషేధవాక్యం ఉండడం వేరు, నిషిద్ధమైన పని అసాధ్యం కావడం వేరు.

కాబట్టి వాక్యసంస్కారం అవసరమైనదే గాని చాలినది కాదు. అమెజాన్ సంస్థ 2017 నాటి అంతరాయం తరువాత, సర్వర్లను మరింత నెమ్మదిగా తొలగించేలా, కనీస సామర్థ్యం కంటే తగ్గించే ఆదేశాన్ని అడ్డుకునేలా ఉపకరణాన్నే సవరించింది. ఇంకా జాగ్రత్తగా ఉండమన్న ఉపదేశంతో సరిపెట్టలేదు. పోస్ట్‌గ్రెస్ 2024లో 17వ సంచికలో ‘ఆల్టర్ సిస్టం’ ఆదేశాన్నే నిలిపివేసే అమరికను ప్రవేశపెడుతూ, దీన్ని భద్రతా కవచంగా భావించవద్దని చెప్పడం మరో విధమైన నిజాయితీ. అది పొరపాట్లను ఆపుతుంది, దురుద్దేశాన్ని ఆపదు. ఏ కట్టడి ఏ దోషానికి విరుగుడో చెప్పడం కూడా వివరణ బాధ్యతే.

10. ముగింపు

“సర్వరు అమరికలను నవీకరిస్తుంది” అన్న వాక్యం అబద్ధం కాదు. దానిలో వ్యాకరణదోషమూ లేదు. అయినా అది విధివాక్యంగా విఫలమైంది. క్రియాస్వరూపాన్ని అస్పష్టంగా వదిలింది, ప్రమాణాన్ని మరచింది, అభావాలను ఒకే రాశిగా పోసింది, క్రమాన్ని చెప్పలేదు, యజమానిని చూపలేదు. వీటిలో చివరిదే మూలదోషం. ఫలం ఎవరిదో తెలిసిన వాక్యం మిగిలిన ప్రశ్నలను తానే అడుగుతుంది. ఫలం ఎవరిదో తెలియని వాక్యానికి ఆ ప్రశ్నలు తట్టవు.

వాక్యార్థ విచారంలో శిక్షణ పొందిన భాషాసాహిత్య పరిశోధకులకు ఈ రంగంలో చేయవలసిన పని ఉంది. తెలుగులో ఆదేశాలు స్వీకరించే ఏజెంట్లు ‘మార్చు’, ‘పెట్టు’, ‘తీసెయ్యి’ వంటి క్రియలను ఏ అర్థంలో గ్రహిస్తున్నాయో సోదాహరణంగా పరిశీలించడం అటువంటి పనుల్లో మొదటిది. ఆ పరిశీలనలో ప్రతి క్రియకూ అడగవలసిన ప్రశ్న ఒకటే: పలికినవాడు ఏమి కోరాడు, ఏమి జరిగింది, ఆ ఫలం ఎవరు అనుభవించారు?